పాత డెస్క్‌టాప్‌కి గ్రాఫిక్స్ కార్డు: ముందు కొలవండి, తర్వాత కొనండి

బరంపురం, పర్లాకిమిడి, గుణుపురం, రాయగడ, జయపురం... మన వైపు ఏ ఊళ్ళో చూసినా జెరాక్స్ షాపుల్లో, ఫొటో స్టూడియోల్లో, పిల్లలున్న ఇళ్ళల్లో ఆఫీసులు వదిలేసిన డెస్క్‌టాప్‌లు కనిపిస్తాయి. డెల్ ఆప్టిప్లెక్స్, హెచ్‌పీ కాంపాక్, ఎలైట్‌డెస్క్, లెనొవో థింక్‌సెంటర్. గట్టి మెషీన్లు. లోపల ఐ5 ప్రాసెసర్, 4 లేదా 8 జీబీ ర్యామ్ ఉంటాయి. లెక్కలకీ టైపింగుకీ ఇప్పటికీ బాగా పనికొస్తాయి. పెళ్ళి వీడియో ఎడిటింగు పెట్టినా, కాస్త బరువైన ఆట తెరిచినా మాత్రం చతికిలబడతాయి. అప్పుడు, తెర మీది బొమ్మల పని తన మీద వేసుకునే గ్రాఫిక్స్ కార్డు మీదికి మనసు పోతుంది.

ఈ పనిలో డబ్బు పోగొట్టుకునేవాళ్ళలో ఎక్కువమంది కార్డు ముందు కొని, పెట్టె తర్వాత తెరుస్తారు. మన దగ్గర ఆ పొరపాటు ఖరీదు ఇంకా ఎక్కువ. విశాఖలోనో భువనేశ్వర్‌లోనో కొన్న కార్డు ఇంటికి తెచ్చాక పట్టకపోతే మార్చుకోవడానికి ఒక రోజు ప్రయాణం. ఏ కార్డు వెయ్యాలో చెప్పేది మీ కేబినెట్, మీ ఎస్‌ఎమ్‌పిఎస్ (లోపలి భాగాలకి కరెంటు అందించే పెట్టె), మీ మానిటర్ కేబుల్. ఈ మూడూ చూశాకే షాపుకి వెళ్ళండి.

మీ దగ్గర ఉన్నదేమిటి

విండోస్ కీ, ఆర్ కలిపి నొక్కి, taskmgr అని కొట్టి టాస్క్ మేనేజర్ తెరవండి. పెర్ఫార్మెన్స్ పేజీలో ప్రాసెసర్ పేరు, ర్యామ్ ఎంత, ఎన్ని స్లాట్లు నిండాయి, ఇప్పుడున్న గ్రాఫిక్స్ ఏది అన్నీ కనిపిస్తాయి. ప్రాసెసర్ నంబరులో మొదటి అంకె తరం చెబుతుంది: ఐ5 2400 రెండో తరం, ఐ5 3470 మూడోది, ఐ5 4590 నాలుగోది, ఐ5 6500 ఆరోది.

కార్డుకీ బోర్డుకీ మధ్య డేటా నడిచే దారి పేరు పీసీఐ ఎక్స్‌ప్రెస్. రెండో తరంలో అది 2.0, మూడో తరం ఐ5 నుంచి ఇంకా వేగమైన 3.0. నాలుగో తరం ప్రాసెసర్ ఉన్నా మదర్‌బోర్డు చిప్‌సెట్ హెచ్81 అయితే మళ్ళీ 2.0 కిందే లెక్క. ఇది కార్డు ఎంచుకునేటప్పుడు అక్కరకొస్తుంది. కోర్ 2 డ్యూయో, పెంటియం డ్యూయల్ కోర్ కాలం నాటి బోర్డయితే ఈ ఖర్చు పెట్టొద్దు. కొత్త కార్డు దాని మీద డిస్‌ప్లే ఇస్తుందన్న భరోసా లేదు. ఇచ్చినా ప్రాసెసర్ దాన్ని ముందుకు కదలనివ్వదు.

ర్యామ్ ఒకే స్టిక్కు ఉంటే ముందు దానికి జత వేయండి. మదర్‌బోర్డు మీది గ్రాఫిక్స్ ర్యామ్‌నే వాడుకుంటుంది. డీడీఆర్3 1600 స్టిక్కు ఒకటి సెకనుకు 12.8 జీబీ అందిస్తే, రెండు కలిసి డ్యూయల్ చానల్‌లో 25.6 జీబీ ఇస్తాయి. చిన్న ఆటలకీ, ఫొటోషాప్ పనికీ ఒక్కోసారి ఇదే సరిపోతుంది, కార్డు అవసరమే రాదు. కోరెల్‌డ్రాలో ఫ్లెక్సీ డిజైన్లు చేసేవాళ్ళకయితే కార్డు కంటే ర్యామ్, ఎస్‌ఎస్‌డీ ఎక్కువ మేలు చేస్తాయి. కార్డు నిజంగా కావలసింది వీడియో ఎడిటింగుకి, త్రీడీ పనికి, ఆటలకి, ఒకటికి మించి మానిటర్లు పెట్టేవాళ్ళకి.

మూత తీసి కొలవండి

ప్లగ్గు తీసేసి పక్క మూత తెరవండి. స్కేలు, సెల్‌ఫోన్ కెమెరా దగ్గర పెట్టుకోండి.

వెనకవైపు స్లాట్లకి ఎదురుగా ఉండే ఇనుప పట్టీ పొడవు కొలవండి. సుమారు 12 సెంటీమీటర్లు ఉంటే మామూలు కార్డు పడుతుంది. 8 సెంటీమీటర్లే ఉంటే మీది చిన్న కేబినెట్. దానికి ఎత్తు తక్కువ ఉండే లో ప్రొఫైల్ కార్డు, దాంతోపాటు పొట్టి బ్రాకెట్ (కార్డుని కేబినెట్‌కి బిగించే ఇనుప పట్టీ) కావాలి. ఇంకా చిన్నవి, పుస్తకమంత ఉండే టైనీ, మైక్రో మోడళ్ళలో సాధారణంగా కార్డు స్లాటే ఉండదు. వాటితో ఈ ప్రయత్నం పెట్టుకోవద్దు.

తర్వాత పొడుగాటి స్లాటు చూడండి. పైకి ఒకేలా కనిపించే రెండు స్లాట్లు ఉండొచ్చు. వాటిలో ఒకదానికి 16 లేన్లు (డేటా నడిచే దారులు), రెండోదానికి నాలుగే లేన్లు. 16 లేన్ల దానికి డెల్‌లో నీలం రంగు వేసి ఉండటం మామూలే. కొన్ని చిన్న కేబినెట్లలో ఈ స్లాటు ఎస్‌ఎమ్‌పిఎస్‌ని ఆనుకుని ఉంటుంది. అక్కడ రెండు స్లాట్ల మందం ఉన్న కార్డు దూరదు, సింగిల్ స్లాట్ కార్డే వెతకాలి. స్లాటు నుంచి రెండువైపులా ఖాళీ ఎంతుందో, వెనక పట్టీ నుంచి హార్డ్‌డిస్క్ డబ్బా దాకా పొడవు ఎంతో రాసుకోండి. కార్డు వేశాక దాని కింద పడిపోయే శాటా సాకెట్లు (హార్డ్‌డిస్క్ తగిలించేవి), ముందు యూఎస్‌బీ తీగలు ఉన్నాయేమో చూసుకోండి. ఫొటోలు తీసుకోండి. షాపులో మాటలకంటే ఫొటో బాగా పనిచేస్తుంది.

కరెంటు లెక్క

అన్నిటికంటే శ్రద్ధ పెట్టాల్సింది ఇక్కడ. ఎస్‌ఎమ్‌పిఎస్ మీద పెద్ద అక్షరాల్లో రాసిన వాట్లు నమ్మొద్దు. కింద చిన్న పట్టికలో ప్లస్ 12 వోల్టుల దగ్గర ఎన్ని ఆంపియర్లో చూడండి. ఆ సంఖ్యని 12తో హెచ్చిస్తే కార్డుకీ ప్రాసెసర్‌కీ నిజంగా దొరికే వాట్లు వస్తాయి. కేబినెట్‌తో కలిపి వచ్చే చవక ఎస్‌ఎమ్‌పిఎస్ మీద 450 వాట్లని ఉండి, 12 వోల్టుల దగ్గర 14 ఆంపియర్లే ఉంటే మీకున్నది 168 వాట్లు. డెల్, హెచ్‌పీ లాంటి బ్రాండెడ్ డెస్క్‌టాప్‌లో వచ్చే 240, 275, 290 వాట్ల ఎస్‌ఎమ్‌పిఎస్‌లు చూడటానికి చిన్నవైనా చెప్పినంతా ఇస్తాయి. 12 వోల్టుల లైన్లు రెండుగా విడదీసి రాసి ఉంటే ఊరికే కూడేయకండి, రెండూ కలిపి గరిష్ఠం ఎంతో పక్కనే రాసి ఉంటుంది.

లెక్క ఇలా వేయండి. ఐ5 3470కి 77 వాట్లు. బోర్డు, హార్డ్‌డిస్క్, ఫ్యాన్లకి 40 నుంచి 50. కార్డు 75 తీసుకుంటే మొత్తం 200 దగ్గర. 275 వాట్ల ఎస్‌ఎమ్‌పిఎస్ దీన్ని మోస్తుంది. రెండో తరం ఐ5 2400 అయితే ప్రాసెసర్‌కే 95 వాట్లు. 240 వాట్ల చిన్న పెట్టెలో దానికి 75 వాట్ల కార్డు తగిలిస్తే మిగులు బాగా తగ్గిపోతుంది. అక్కడ 30 నుంచి 50 వాట్ల కార్డు దగ్గర ఆగడం మేలు.

75 అనే సంఖ్య ఎందుకంటే పీసీఐ ఎక్స్‌ప్రెస్ స్లాటు నుంచి కార్డు తీసుకోగలిగేది గరిష్ఠంగా అంతే. అంతకు మించి తినే కార్డుకి ఎస్‌ఎమ్‌పిఎస్ నుంచి విడిగా 6 పిన్నుల తీగ కావాలి. పాత ఆఫీసు మెషీన్లలో ఆ తీగ సాధారణంగా ఉండదు. కొన్ని చిన్న మోడళ్ళలో స్లాటు 75 వాట్లు కూడా ఇవ్వదు. మీ మోడల్ మాన్యువల్‌లో స్లాటు పరిమితి రాసి ఉంటే దానికే కట్టుబడండి.

శాటా తీగని 6 పిన్నులుగా మార్చే చిన్న కన్వర్టర్లు ఆన్‌లైన్‌లో చవకగా దొరుకుతాయి. కొనకండి. శాటా కనెక్టర్ 12 వోల్టుల దగ్గర 4.5 ఆంపియర్లు, అంటే 54 వాట్లు మోయడానికి చేసింది. 6 పిన్నులది 75 వాట్లు అడగొచ్చు. ఆ తేడా ప్లాస్టిక్ కరిగే వేడిగా బయటపడుతుంది. నిప్పు అంటుకున్నవీ ఉన్నాయి.

ఎస్‌ఎమ్‌పిఎస్ మార్చేస్తే పోలేదా? మామూలు బోర్డయితే సరే. బ్రాండెడ్ మెషీన్లలో మాత్రం ముందు చూసుకోవాలి. ఆప్టిప్లెక్స్ 7010 టవర్‌లో మామూలు 24 పిన్నుల ప్లగ్గే ఉంటుంది. 9020కి వచ్చేసరికి 8 పిన్నులు, ఎలైట్‌డెస్క్ 800 జీ1లో 6 పిన్నులు, థింక్‌సెంటర్ ఎమ్93పీలో 14 పిన్నులు. వీటికి కన్వర్టర్ తీగ వేరే తెప్పించాలి. చిన్న కేబినెట్లలో అసలు మామూలు సైజు ఎస్‌ఎమ్‌పిఎస్ కూర్చోదు.

మానిటర్ కేబుల్

పాత మానిటర్లలో చాలావాటికి నీలం రంగు వీజీఏ ప్లగ్గు ఒక్కటే ఉంటుంది. ఎన్విడియా జీటీఎక్స్ 10 సిరీస్ నుంచి కార్డుల్లో వీజీఏ సిగ్నలే లేదు. అలాంటి కార్డు కొంటే హెచ్‌డీఎమ్‌ఐ నుంచి వీజీఏకి మార్చే కన్వర్టర్ తీసుకోవాలి. లోపల చిప్ ఉండే యాక్టివ్ కన్వర్టరే పనిచేస్తుంది. రెండు చివర్లా ప్లగ్గులు అతికించిన ఉత్త తీగ పనిచేయదు. ఎన్విడియా వర్క్‌స్టేషన్ల కోసం చేసిన క్వాడ్రో పీ1000 లాంటి చిన్న కార్డుల్లో మినీ డిస్‌ప్లేపోర్ట్ సాకెట్లు ఉంటాయి. వాటికి కన్వర్టర్ కార్డుతోపాటే అడిగి తీసుకోండి, మన ఊళ్ళల్లో విడిగా దొరకడం కష్టం.

ఏ కార్డు

టవర్ కేబినెట్, 275 వాట్లు పైన ఉంటే మా మొదటి మాట జీటీఎక్స్ 1650. 2019లో వచ్చింది, 4 జీబీ మెమరీ, 75 వాట్లు, వీడియో ఎన్‌కోడర్ (ఎడిట్ చేసిన వీడియోని వేగంగా ఫైలుగా మార్చే భాగం) ఉంది. అదే పేరుతో 6 పిన్నుల సాకెట్ ఉన్న రకాలూ ఉన్నాయి. కార్డు పై అంచు చూసి సాకెట్ లేనిదే ఎంచుకోండి. పేరు చివర సూపర్ అని ఉంటే అది 100 వాట్ల కార్డు, దానికి తీగ తప్పదు. కొత్తదే కావాలంటే 2024లో వచ్చిన ఆర్‌టీఎక్స్ 3050 6 జీబీ రకం 70 వాట్లతో నడుస్తుంది, లో ప్రొఫైల్‌లోనూ ఉంది. ఇదే పేరున్న 8 జీబీ రకం వేరు, దానికి విడిగా కరెంటు కావాలి.

చిన్న కేబినెట్‌కి సింగిల్ స్లాట్ కావాలంటే క్వాడ్రో పీ1000, టీ600, టీ1000 చూడండి. వరుసగా 47, 40, 50 వాట్లు. ఇవి ఆఫీసు వర్క్‌స్టేషన్ల నుంచి సెకండ్‌హ్యాండ్‌లో వస్తుంటాయి. వీటిలో టీ600, టీ1000లే మేలు. కారణం డ్రైవర్లు, అంటే విండోస్ కార్డుతో పనిచేయించుకునే ప్రోగ్రాములు. జీటీఎక్స్ 1050 టీఐ, జీటీ 1030, క్వాడ్రో పీ1000 అన్నీ పాస్కల్ తరానివి. 2025 అక్టోబరుతో జీటీఎక్స్ 10 సిరీస్‌కి ఎన్విడియా ఆటల డ్రైవర్లు ఆపేసింది, 2028 దాకా భద్రతా సవరణలే. ఉన్న ఆటలు ఆగిపోవు. కొత్త ఆటలకి మాత్రం ఆ కార్డులు వెనకబడతాయి.

జీటీ 1030 కొనేవాళ్ళు ఒకటి గుర్తుపెట్టుకోవాలి. 2017లో వచ్చిన జీడీడీఆర్5 రకం సెకనుకు 48 జీబీ మెమరీ వేగం ఇస్తుంది. ఆ తర్వాత అదే పేరుతో వచ్చిన డీడీఆర్4 రకం 16.8 జీబీ మాత్రమే. పైన చెప్పిన రెండు ర్యామ్ స్టిక్కుల వేగం కంటే కూడా తక్కువ! డబ్బా మీద డీడీఆర్4 అని కనిపిస్తే వెనక్కి ఇచ్చేయండి. ఏ రకమైనా జీటీ 1030లో వీడియో ఎన్‌కోడర్ లేదు, కాబట్టి ఎడిటింగు చేసేవాళ్ళకి కాదు.

ఏఎమ్‌డీ ఆర్‌ఎక్స్ 6400 కాగితం మీద బాగుంటుంది: 53 వాట్లు, 2022 నాటిది. కానీ అది నాలుగు లేన్లతోనే మాట్లాడుతుంది. పీసీఐ ఎక్స్‌ప్రెస్ 4.0 బోర్డు కోసం చేసిన కార్డు అది. 3.0 మీద సెకనుకు సుమారు 4 జీబీ, 2.0 మీద 2 జీబీ దారే దొరుకుతుంది. ఎన్‌కోడర్ దీనిలోనూ లేదు. రెండో తరం మెషీన్లవాళ్ళు దీన్ని వదిలేయండి. ఇంటెల్ ఆర్క్ కార్డులు రీసైజబుల్ బార్ (కార్డు మెమరీనంతా ప్రాసెసర్ ఒకేసారి అందుకోనిచ్చే సదుపాయం) లేని బోర్డు మీద బాగా నెమ్మదిస్తాయి, పాత బోర్డుల్లో అది ఉండదు. వాటినీ వదిలేయండి.

కార్డు ఖరీదు మీ మొత్తం కంప్యూటర్ ఇప్పటి సెకండ్‌హ్యాండ్ ధర దాటుతుంటే ఆగి ఆలోచించండి. విండోస్ 10 మద్దతు 2025 అక్టోబరు 14తో ముగిసింది. విండోస్ 11 ఇంటెల్‌లో ఎనిమిదో తరం నుంచే అధికారికంగా నడుస్తుంది. ఆ డబ్బు ఎనిమిదో తరం మెషీన్ కోసం దాచుకోవడం కూడా మంచి నిర్ణయమే.

సెకండ్‌హ్యాండ్ కార్డు కొనేటప్పుడు

పాత చిప్పు మీద కొత్త పేరు ఎక్కించి అమ్మే నకిలీ కార్డులు మార్కెట్లో ఉన్నాయి. జీటీఎక్స్ 1050 టీఐ అని చెప్పి చూపించిన కార్డుకి వీజీఏ సాకెట్ ఉంటే ఇక మాటలు అక్కర్లేదు, అది నకిలీ. షాపులోనే మెషీన్‌కి తగిలించి జీపీయూ జెడ్ అనే ఉచిత ప్రోగ్రామ్ నడపమనండి. తెలిసిన నకిలీలని అది పేరు ముందే ఫేక్ అని చూపిస్తుంది. మెమరీ రకం, పరిమాణం కూడా అక్కడే సరిచూసుకోండి.

ఫ్యాన్ చేత్తో తిప్పితే గరగరలాడకూడదు. బంగారు రంగు అంచు మీద మచ్చలు, బ్రాకెట్ మీద తుప్పు ఉన్నాయేమో చూడండి. గోపాల్‌పూర్, ఛత్రపురం వైపు సముద్రగాలి తిన్న కార్డుల మీద ఇవి ఎక్కువ. అంచు మీద పలచటి మచ్చ పోతుంది. చిప్పుల కాళ్ళ దగ్గర ఆకుపచ్చ పూత కనిపిస్తే మాత్రం వద్దు. చిన్న కేబినెట్‌వాళ్ళు పొట్టి బ్రాకెట్, దాని స్క్రూలు చేతికొచ్చాకే డబ్బివ్వండి. వారంటీ ఉన్న కార్డయితే సర్వీసు ఏ ఊళ్ళో ఇస్తారో బిల్లు మీద రాయించుకోండి. ఇచ్ఛాపురం దాటి ఆంధ్రలో కొన్నా, ఇటు ఒడిశాలో కొన్నా పక్కా బిల్లు లేకపోతే వారంటీ ఆశ పెట్టుకోలేం.

బిగించే రోజు

కార్డు వేయకముందే రెండు పనులు. కంపెనీ సైటు నుంచి మీ మోడల్‌కి చివరి బయోస్ (ఆన్ చేయగానే విండోస్ కంటే ముందు నడిచే, బోర్డులోని ప్రోగ్రామ్) దించి ఎక్కించండి. యూపీఎస్ మీద మాత్రమే ఈ పని చేయండి. బయోస్ రాస్తుండగా కరెంటు పోతే బోర్డు లేవకపోవచ్చు. వైశాఖంలో సాయంత్రం మబ్బు కమ్ముతుంటే మర్నాడు పొద్దున్నకి వాయిదా వేయండి. రెండోది, కార్డు డ్రైవర్ ముందే దించి డెస్క్‌టాప్ మీద పెట్టుకోండి. ఇంతకుముందు వేరే కార్డు ఉండి ఉంటే దాని డ్రైవర్ తీసేయండి.

తర్వాత షట్‌డౌన్ చేసి, గోడ దగ్గర ప్లగ్గు పీకి, పవర్ బటన్ పది సెకన్లు నొక్కి పట్టుకోండి. మిగిలిన చార్జి పోతుంది. కేబినెట్ ఇనుము ఓసారి ముట్టుకోండి. కొరాపుట్ చలికాలంలో గాలి పొడిగా ఉన్నప్పుడు ఉన్ని స్వెటర్ విప్పేసి కూర్చోండి. దుమ్ము బ్లోయర్‌తో ఊదేటప్పుడు ఫ్యాన్ రెక్కలు వేలితో ఆపి ఉంచండి.

కార్డు అంచు మెత్తని పెన్సిల్ రబ్బరుతో ఒకే దిశలో రుద్ది, పొడి దులిపేయండి. వెనక ఖాళీ పట్టీ తీయండి. స్లాటు చివరి గొళ్ళెం తెరవండి. కార్డుని నిలువుగా పెట్టి, రెండు కొసల మీదా సమానంగా ఒత్తండి. గొళ్ళెం టిక్కుమని పడాలి, బంగారు అంచు పైకి కనిపించకూడదు. ఒకవైపు దిగి రెండోవైపు లేచి ఉంటే బ్రాకెట్ అడుగు బోర్డుకీ కేబినెట్‌కీ మధ్య సందులో దిగలేదన్నమాట. తీసి మళ్ళీ పెట్టండి, బలం వాడొద్దు. స్క్రూ బిగించండి.

మానిటర్ కేబుల్ ఇప్పుడు కార్డుకి పెట్టాలి, మదర్‌బోర్డు సాకెట్‌కి కాదు. కార్డు పనిచేయడం లేదని షాపుకి తిరిగొచ్చే మెషీన్లలో ఈ కేబుల్ గొడవ తరచూ కనిపిస్తుంది.

ఆన్ చేశాక మొదటిసారి ఒకటి రెండు నిమిషాలు ఓపిక పట్టండి. డిస్‌ప్లే వస్తే డ్రైవర్ వేసి రీస్టార్ట్ చేయండి. జీపీయూ జెడ్ తెరిచి బస్ ఇంటర్‌ఫేస్ దగ్గర పక్కనున్న ప్రశ్న గుర్తు నొక్కి రెండర్ టెస్ట్ నడపండి. ఖాళీగా ఉన్నప్పుడు కార్డు 1.1 వేగం చూపించడం సహజం, పని పడితే 2.0కో 3.0కో ఎక్కాలి. లేన్లు 16కి బదులు 4 చూపిస్తే కార్డు తప్పు స్లాటులో ఉంది. జీటీ 1030, ఆర్‌ఎక్స్ 6400లకి నాలుగే సరైనవి. తర్వాత అరగంట బరువైన పని ఇచ్చి వేడి చూడండి. 80 డిగ్రీల లోపు ఉంటే నిశ్చింత. 90 వైపు పోతుంటే కేబినెట్‌లోంచి వేడిగాలి బయటికి పోవడం లేదు, లేదా కార్డు చిప్పు వేడిని బయటికి లాగే థర్మల్ పేస్ట్ ఎండిపోయింది.

తేడా చేస్తే

డిస్‌ప్లే అసలు రాకపోతే కార్డు తీసి మళ్ళీ కూర్చోబెట్టండి. అప్పటికీ రాకపోతే కార్డు తీసేసి, మానిటర్ బోర్డుకి పెట్టి బయోస్‌లోకి వెళ్ళండి: డెల్‌లో ఎఫ్2, హెచ్‌పీలో ఎఫ్10, లెనొవోలో ఎఫ్1. ప్రైమరీ డిస్‌ప్లేని ఆటో లేదా పీసీఐ ఎక్స్‌ప్రెస్ చేయండి. కార్డు బాగా పాతదైతే సెక్యూర్ బూట్ ఆపి చూడండి. తేదీ ప్రతిసారీ మారిపోతుంటే బోర్డు మీది సీఆర్ 2032 సెల్లు అయిపోయింది, కొత్తది వేస్తేనే ఈ మార్పులు నిలుస్తాయి.

ఆట మొదలైన కాసేపటికి మెషీన్ మొత్తం ఠక్కున ఆగిపోతే ఎస్‌ఎమ్‌పిఎస్ చాలడం లేదు. యూపీఎస్ కూడా కావచ్చు. 600 వీఏ యూపీఎస్ సాధారణంగా 360 వాట్లు మోస్తుంది, బ్యాటరీ ముసలిదైతే కరెంటు పోయిన క్షణంలో అంత బరువు ఎత్తలేదు. నేరుగా గోడ ప్లగ్గుకి పెట్టి చూస్తే దోషి ఎవరో తేలుతుంది. తెర మీద రంగురంగుల చుక్కలు, గీతలు వస్తే కార్డు మెమరీ పోయింది, డ్రైవర్ మార్చినా లాభం లేదు. డివైస్ మేనేజర్‌లో కోడ్ 43 వస్తే డ్రైవర్ పూర్తిగా తీసి మళ్ళీ వేయండి. అదే తిరిగి వస్తే కార్డు నకిలీదో, క్రిప్టో కరెన్సీ మైనింగు కోసం కార్డులోని బయోస్ మార్చారో అనుమానించి అమ్మినవాళ్ళకి తిప్పి ఇవ్వండి.

అంతా సరిగా ఉండి ఆట మాత్రం తడబడుతుంటే టాస్క్ మేనేజర్ చూడండి. ప్రాసెసర్ 100 శాతం, కార్డు 40 శాతం దగ్గర ఉంటే ఇంకా పెద్ద కార్డు వేసినా ఫలితం ఉండదు. ఆ డబ్బు ఐ7కో ర్యామ్‌కో పెట్టాలి.

మెషీన్‌ని బస్సులో ఇంకో ఊరికి తీసుకెళ్ళాల్సి వస్తే, ముఖ్యంగా సాలూరు నుంచి కొరాపుట్ ఎక్కే ఘాట్ రోడ్డులో, కార్డు విప్పి వేరే డబ్బాలో పెట్టుకోండి. కుదుపులకి బరువైన కార్డు స్లాటుని విరగ్గొడుతుంది. పిడుగులు పడుతున్నప్పుడు స్విచ్ కట్టడం చాలదు, ప్లగ్గే పీకండి. సముద్రం దగ్గరి ఊళ్ళలో ఆరు నెలలకోసారి కార్డు తీసి అంచు రబ్బరుతో తుడిచి పెడుతుంటే, ఉన్నట్టుండి డిస్‌ప్లే పోయే బాధ చాలావరకు తగ్గుతుంది.